ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకు సగం జవాబు మీ మండీలోనే ఉంది

ప్రశ్న: నమస్తే సార్. మాది ఆదోని. ఇరవై ఏళ్లుగా పత్తి కమీషన్ మండీలో గుమాస్తాగా చేస్తున్నాను. మా పాప కర్నూలులో హాస్టల్లో ఉండి బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. మొన్న కాలేజీకి వచ్చిన ఒక కంపెనీ ఇంటర్వ్యూలో "డిజిటల్ సామర్థ్యాలు ఉంటే ఒక సంస్థ కొత్త సేవలు ఎట్లా తెస్తుంది, కష్టకాలంలో ఎట్లా నిలబడుతుంది?" అని అడిగారట. ఏమీ చెప్పలేక వచ్చేసింది. ఇవన్నీ బీటెక్ వాళ్లకే అని అప్పటి నుంచి ఒకటే టెన్షన్. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్లు, యాప్‌లు మొదటి నుంచి చివరి దాకా తయారుచేసే ప్రోగ్రామింగ్) కోర్సుకు లక్షా ఇరవై వేలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. వాళ్లమ్మ బంగారం కుదువ పెడదామంటోంది. వచ్చే సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బంగారం ఇప్పుడే కుదువ పెట్టకండి. ముందు ఆ ఇంటర్వ్యూ ప్రశ్న సంగతి చూద్దాం. మీ పాప దాన్ని కంప్యూటర్ ప్రశ్న అనుకుని బెదిరిపోయింది. వాళ్లు అడిగింది పని గురించి. ఒక చోట పని ఎట్లా నడుస్తుంది, ఎక్కడ ఇరుక్కుంటుంది, ఇరుక్కుంటే ఎవరికి ఇబ్బంది, కంప్యూటర్ చేతికొస్తే అందులో ఏది మార్చవచ్చు, ఆ కంప్యూటరే ఆగిపోతే ఏం చేస్తారు అని. ఇరవై ఏళ్లు మండీ లెక్కలు రాసిన మీకు వీటిలో సగం జవాబులు తెలుసు. ఇంట్లో ఎప్పుడూ ఆ మాటలు వచ్చి ఉండవు, అంతే.

మీ మండీతోనే మొదలుపెడదాం. చిట్టా పుస్తకం తీసేసి ఎక్సెల్ షీట్ పెట్టారనుకోండి. రాసే చోటు మారింది గానీ రైతుకు ఏమీ మారలేదు. కాటా అయ్యాక పట్టీ (తూకం, ధర, రావాల్సిన డబ్బు రాసిన లెక్క చీటీ) కోసం మునుపటి లాగే కూర్చుంటాడు. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న మొదలుపెట్టిన ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ పద్ధతి చూడండి. సరుకు యార్డు గేటు దాటగానే లాట్‌కు ఒక నంబరు పడుతుంది. నాణ్యత పరీక్ష ఫలితం ఆ నంబరుకు చేరుతుంది. వ్యాపారులు ఆన్‌లైన్‌లో ధర వేస్తారు, డబ్బు రైతు ఖాతాకే వెళ్లే ఏర్పాటు ఉంది. ఆ రోజు యార్డుకు రాని వ్యాపారి కూడా ధర వేయవచ్చు. ఇక్కడ మారింది సేవ.

అయితే ఒక మెలిక ఉంది, అది మీకు నాకన్నా బాగా తెలుసు. పత్తిని చేత్తో పట్టి, పింజ లాగి చూడందే ధర చెప్పని వ్యాపారులు ఉన్నారు. నాణ్యత రిపోర్టు మీద నమ్మకం కుదరకపోతే స్క్రీన్ ఎంత బాగున్నా దూరపు వ్యాపారి ముందుకు రాడు. కాబట్టి యాప్ ఒక్కటీ ఉంటే సామర్థ్యం వచ్చినట్టు కాదు. పరీక్ష చేసే మనిషి, అతనికి ఇచ్చిన శిక్షణ, ఆ రిపోర్టును అందరూ ఒప్పుకునే కట్టుబాటు, ఇవన్నీ కలిస్తేనే సామర్థ్యం. 2025 సీజన్‌కు సీసీఐ (భారత పత్తి సంస్థ) తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌ను కూడా ఇట్లాగే పరిశీలించమనండి. అందులో రైతు పేరు నమోదు చేసుకుని, పత్తి ఎప్పుడు తేవాలో స్లాట్ బుక్ చేసుకోవాలి. స్లాట్ ఉంటే బండ్ల వరుస తగ్గాలి. స్మార్ట్‌ఫోన్ లేని రైతు ఎవరి సాయం అడుగుతాడు? వాన పడి ఆ రోజు రాలేకపోతే స్లాట్ ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలు అడగగలిగిన పిల్లను ఏ కంపెనీ అయినా ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

ప్రభుత్వ సేవల్లో మన రాష్ట్రం నడిచిన దారి కూడా పాపకు చెప్పండి. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) కోసం రోజుల తరబడి తిరిగే పని నిమిషాల్లోకి వచ్చింది. తరువాత బిల్లులు, ధ్రువపత్రాల సేవలు ఒకేచోట ఇచ్చే కేంద్రాలు వచ్చాయి: 2001లో హైదరాబాద్‌లో ఈసేవ, 2011లో మీసేవ, 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు. 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలయ్యాయి. చాలామంది చివరి మెట్టు ఒక్కటే చూస్తారు. రికార్డులు ఇంకా బీరువాల్లోనే ఉండి ఉంటే వాట్సాప్ ఏం ఇవ్వగలదు? కొత్త సేవ ఒక్కరోజులో పుట్టినట్టు కనిపిస్తుంది గానీ, దాని కింద ఏళ్ల తరబడి ఎవరో కూర్చుని పేర్లు సరిచూసి, తప్పులు దిద్ది, ఒక శాఖ లెక్కను ఇంకో శాఖ లెక్కతో కలిపి ఉంటారు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన పని అదే. దానికి కోడింగ్ కన్నా లెక్కల క్రమశిక్షణ ఎక్కువ కావాలి.

ఇక కష్టకాలంలో నిలబడటం. మీ పాప చదివే కర్నూలు ఊళ్లోకే 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు వచ్చిపడ్డాయి. ఇళ్లల్లో చదువుల సర్టిఫికెట్లు, పొలం కాగితాలు, అంగళ్లలో ఖాతా పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. పత్రాలను ఆన్‌లైన్‌లో దాచే ప్రభుత్వ సేవ డిజిలాకర్ వచ్చింది 2015లో. ఇప్పుడు దాని ద్వారా జారీ అయిన పత్రానికి చట్టప్రకారం అసలు పత్రంతో సమానమైన విలువ ఉంది. అదే వరద ఈరోజు వస్తే ఇల్లు తడుస్తుంది గానీ మార్కుల మెమో పోదు. కానీ ఒక సంస్థ తన లెక్కల కాపీని అదే బిల్డింగ్‌లో, అదే అంతస్తులో ఇంకో కంప్యూటర్లో దాచుకుంటే లాభం లేదు. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ సాధనాల్లో, అందులో ఒకటి ఆఫీసుకు దూరంగా వేరే చోట ఉండాలనేది బ్యాకప్‌లో అందరూ చెప్పే నియమం. మీ మండీ కంప్యూటర్ లెక్కలకు ఊరి బయట కాపీ ఉందా? పాపతో ఒకసారి మీ యజమానిని అడిగించండి.

కొత్త సేవ, నిలబడటం, ఈ రెండూ ఒకేచోట కలిసిన ఉదాహరణ ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ. 2019 నవంబర్‌లో డాక్టర్‌కూ డాక్టర్‌కూ మధ్య సలహాల కోసం అది మొదలైంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడింది, ఆసుపత్రులకు పోలేని పరిస్థితి. ఏప్రిల్ 13కల్లా రోగి ఇంటి నుంచే డాక్టర్‌తో మాట్లాడే ఓపీడీ వచ్చేసింది. మూడు వారాల్లోపే. అంత త్వరగా రాగలిగిందంటే, పునాది ముందే ఉంది కాబట్టి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ఉదాహరణ సరిగ్గా చెప్పగలిగినా చాలు, ప్రశ్నలోని రెండు సగాలకూ జవాబు వచ్చేస్తుంది.

రెండో వైపు కూడా తెలియాలి. అంతా కంప్యూటర్ మీద పెట్టుకున్నాక అది ఆగితే దెబ్బ కూడా పెద్దదే. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్) దాడి జరిగింది. దాదాపు రెండు వారాలు ఓపీ చీటీలు, ల్యాబ్ పనులు చేతిరాతతో నడిపారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. అదే నెలాఖరులో చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ సేవలిచ్చే ఒక సంస్థ మీద దాడి జరిగితే, యూపీఐ లాంటి చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల నెట్‌వర్క్ నుంచి తాత్కాలికంగా విడదీసింది. సహకార, గ్రామీణ బ్యాంకులు దాదాపు 300 దాకా ఇబ్బంది పడ్డాయి. 2025 ఏప్రిల్ 12న యూపీఐ మొరాయించినప్పుడు అంగళ్ల దగ్గర ఎంత గందరగోళమో మీరూ చూసే ఉంటారు.

ఇట్లాంటి రోజున ఎవరు నిలబడతారు? కాగితం మీద పని నడపడం మరిచిపోని వాళ్లు, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసిపెట్టుకున్న వాళ్లు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నిర్దేశించిన రకాల సైబర్ ఘటనలు తెలిసిన ఆరు గంటల్లోపు దానికి తెలియజేయాలి. ఆ ఆరు గంటల్లో వెతుక్కుంటూ కూర్చునే ఆఫీసు ఇబ్బందిలో పడుతుంది.

సిస్టమ్ తిరిగి లేచాక అసలు పని మొదలవుతుంది. చేత్తో రాసిన చీటీలన్నీ లోపలికి ఎక్కించాలి. ఏది రెండుసార్లు పడింది, ఏది అసలు పడలేదు, డబ్బు వచ్చిందా, వచ్చి వెనక్కి పోయిందా, ఒక్కొక్కటీ సరిచూడాలి. ఇది ఏమిటో మీ పాపకు తెలుసు. మొదటి సంవత్సరంలోనే బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ నేర్చుకుని ఉంటుంది. పాస్‌బుక్‌కూ క్యాష్‌బుక్‌కూ తేడా ఎందుకు వచ్చిందో వెతికిన ఆ లెక్కే, పెద్ద సంస్థల్లో దెబ్బ తగిలిన మరునాడు నడిచే లెక్క. ప్రోగ్రామ్ రాసిన ఇంజనీరుకు సర్వర్ తెలుసు, ఏ చీటీకి ఏ ఎంట్రీ సరిపోవాలో తెలియకపోవచ్చు. ఆ రెంటి మధ్య నిలబడి మాట్లాడగల మనిషి కావాలి. మీ పాపను నేను వెళ్లమనే దారి ఇదే. బీకాం అని తక్కువ చేసుకోవాల్సిన పని ఏమాత్రం లేదు.

అందుకే వచ్చే సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌ను వృథా చేయనివ్వకండి. డబ్బిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకునే పిల్లలు ఉన్నారు, మీ పాపను ఆ వైపు పోనివ్వొద్దు. మీ మండీలోనో, తెలిసిన జిన్నింగ్ ఫ్యాక్టరీలోనో, కర్నూలులో ఒక మధ్యరకం ఆసుపత్రి బిల్లింగ్ దగ్గరో కూర్చోబెట్టండి. మండీ అంటే అందరూ మగవాళ్లే, ఆడపిల్లను ఎట్లా తీసుకెళ్లేదని మీకు అనిపించవచ్చు. మీ పక్కన కూర్చుంటుంది, మీ పనినే చూస్తుంది. నాన్న చేసే పనిలో ఇంత ఆలోచన ఉందా అని తెలుసుకోవడం కూడా ఆ పిల్లకు మంచిదే.

అక్కడ చేయాల్సింది చాలా మామూలు పని. కాటా అయిన దగ్గర్నుంచి రైతు చేతికి పట్టీ వచ్చే దాకా ఎంతసేపు పడుతోందో గడియారం చూసి కొన్ని రోజులు రాసుకోవాలి. ఒకే అంకెను ఎన్ని చోట్ల మళ్లీ మళ్లీ రాస్తున్నారో గుర్తించాలి. తప్పు ఎక్కువగా ఎక్కడ పడుతోందో మిమ్మల్నే అడగాలి, ఇరవై ఏళ్లలో పడిన తగాదాలు మీకు గుర్తుంటాయి. కరెంటు పోతే, నెట్ పోతే పని ఎట్లా సాగుతోందో చూడాలి. తరువాత ఒకే ఒక్క మార్పు చేసి చూడాలి. ఉదాహరణకు, కాటా అంకెలు ఒక్కసారే ఎక్కించి, పట్టీ దానంతట అదే తయారయ్యేలా, రైతు ఫోన్‌కు మెసేజ్ పోయేలా. నెట్ లేని రోజుకు కార్బన్ కాపీతో నంబర్లు వేసిన చీటీ పుస్తకం ఒకటి సిద్ధంగా ఉండాలి. మార్పుకు ముందు ఎంత సమయం, తరువాత ఎంత అనేది రెండు పేజీల్లో రాసుకుంటే, ఏ ఇంటర్వ్యూకు పోయినా ఆ రెండు పేజీలే మాట్లాడతాయి. రైతుల పేర్లు, ఖాతా నంబర్లు మాత్రం ఆ కాగితాల్లో ఉండకూడదు, ఇది పాపకు గట్టిగా చెప్పండి.

నేర్చుకోవాల్సినవి ఎక్కువ లేవు. ఎక్సెల్ బాగా రావాలి, అందులో లెక్కలను కుదించి చూపే పివట్ టేబుల్, డేటాను శుభ్రం చేసే పవర్ క్వెరీ దాకా. డేటాబేస్ నుంచి లెక్కలు తీసే ఎస్‌క్యూఎల్ భాష మొదటి మెట్లు, జీఎస్టీతో కూడిన టాలీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, మర్యాదగా ఒక ఈమెయిల్ రాయడం. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల్లో పాఠాలు ఉచితంగానే చూడొచ్చు, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం కొద్దిగా ఫీజు ఉంటుంది. ఒక్క కోర్సు తీసుకుని పూర్తి చేస్తే మేలు. నాలుగు మొదలుపెట్టి వదిలేయడం వల్ల ఉపయోగం లేదు.

ఉద్యోగం పేర్లు ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (సంస్థ లెక్కల రిపోర్టులు తయారుచేసే పని), సాఫ్ట్‌వేర్ ఇంప్లిమెంటేషన్, యూజర్ టెస్టింగ్, ఆపరేషన్స్ అని ఉంటాయి. బిజినెస్ అనలిస్ట్ పోస్టు రెండు మూడేళ్ల అనుభవం మీద వస్తుంది, మొదటి రోజే ఆశపడొద్దు. సీఎంఏ, సీఏ వైపు మనసుంటే తరువాత ఐటీ ఆడిట్ (సంస్థ కంప్యూటర్ వ్యవస్థలను తనిఖీ చేసే పని) అనే మంచి దారి ఉంది. బ్యాంకు పరీక్షలు రాయాలనుకుంటే ఐబీపీఎస్ గ్రామీణ బ్యాంకుల పరీక్షను వదలొద్దు. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు సహా రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. నాలుగు బ్యాంకుల ఖాతాలు, పద్ధతులు ఒక్కటి చేయడం ఎంత పనో ఊహించుకోండి. అట్లాంటి చోట లెక్క తెలిసి, సిస్టమ్ అంటే భయం లేని ఉద్యోగికి పని ఎప్పుడూ ఉంటుంది.

ఆ ఇన్‌స్టిట్యూట్ సంగతి. ఫుల్ స్టాక్ చెడ్డ చదువేమీ కాదు, ప్రోగ్రామింగ్ మీద ఇష్టం ఉన్న పిల్లలు బాగా రాణిస్తారు. కానీ భయంతో చేరేది కాదది. వాళ్లకు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. ఉద్యోగం గ్యారంటీ అంటే ఎంత జీతానికి, ఎన్ని నెలల్లో, రాకపోతే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారు? బీకాం చదివి వాళ్ల దగ్గర నేర్చుకుని ఉద్యోగంలో ఉన్న ఇద్దరితో మాట్లాడిస్తారా? ఫీజు కంతుల్లో అంటే, మీ పేరు మీద ఏదైనా ఫైనాన్స్ కంపెనీ అప్పు రాయిస్తున్నారా? ఈ మూడో విషయం చాలామంది తల్లిదండ్రులకు సంతకం పెట్టాకే తెలుస్తోంది. కోర్సు మధ్యలో మానేసినా ఆ అప్పు కట్టాల్సిందే. మూడింటికీ కాగితం మీద జవాబు ఇవ్వకపోతే ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక కూడా పాపకు కోడింగ్ మీదే మనసు ఉంటే, ఆ రెండు పేజీల కాగితంతో పాటు నాకు రాయమనండి. ఏ కోర్సు, ఏ ఊరు, ఎంత ఫీజు అనేది అప్పుడు చూద్దాం.