ఫ్రెంచ్‌లో ‘ఇక గోవిందా’ అనాలంటే?

పని చెడిందనో, ఛాన్స్ పోయిందనో ఫ్రెంచ్‌వాళ్లు మామూలు మాటల్లో ఏమంటారని అడిగారు. నాకు ఈ పాఠం లియోన్‌లో అద్దె ఇల్లు వెతుకుతున్నప్పుడు అబ్బింది.

ఒక చిన్న ఫ్లాట్ చూసొచ్చిన రెండు రోజులకు రూమ్మేట్ మెసేజ్ పెట్టాడు: ‘సే మోర్ పుర్ లపార్త్’. మోర్ అంటే చనిపోవడమని పుస్తకంలో చదివాను. ఇంటి ఓనరే పోయాడనుకుని ‘అయ్యో, ఎప్పుడు?’ అని రాశాను. ఆ రాత్రంతా వాడు నవ్వుతూనే ఉన్నాడు. ఫ్లాట్ వేరేవాళ్లకు ఇచ్చేశారు, అంతే సంగతులు అని దాని అర్థమట. కుర్రకారు తెగ వాడే మాట ఇది. ‘ఆదివారం సామాన్లు మోయడానికి వస్తావా?’ అని అడిగితే ‘సే మోర్’ అన్నారనుకోండి, అది ‘జరగని పని’ అని మొహం మీదే చెప్పడం.

‘సే ఫుతు’ కూడా గోవిందానే, కానీ మోటు మాట. తర్వాత దొరికిన ఇంటి ఓనరమ్మ ముందు ఒకసారి అనేశాను. ఆవిడ కనుబొమలు పైకెత్తి, ‘ఫిషు’ అని మెల్లగా సరిదిద్దింది. పెద్దవాళ్ల దగ్గర అదే అనండి.

నాకు బాగా నచ్చినవి వంటింటి మాటలు. ‘సే క్యుయి’ అంటే ఉడికిపోయింది, ‘సే రాపే’ అంటే తురిమేశారు. రెండూ పని చెడిందనే. ‘లే కారొత్ సోఁ క్యుయిత్’, క్యారెట్లు ఉడికిపోయాయి అనేది ఇంకా బాగుంటుంది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మావాళ్లు మూడు గోల్స్ వెనక, ఇంకా ఐదు నిమిషాలే ఉంది. బార్‌లో ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి ఈ ముక్క అని, కోటు వేసుకుని వెళ్లిపోయాడు.

వేసుకున్న ప్లాన్ చెడితే ‘తోంబే ఆ లో’, నీళ్లలో పడింది అంటారు. మన ‘గంగలో కలిసింది’కి దగ్గరే. మన ఆలస్యం వల్లే అవకాశం చేజారితే ‘రాతే లె కోష్’. కోష్ అంటే పాతకాలపు గుర్రపు బండి, అది తప్పిపోయిందన్నమాట.

అన్నట్టు, అద్దె కాస్త తగ్గించమని అడిగితే ఓనరమ్మ నవ్వుతూ ‘వు పువే తుజూర్ కురీర్’ అంది. ఎంత పరిగెత్తినా దొరకదు అని. ఒక్క యూరో తగ్గలేదు.