పొగగొట్టం లేని ఇంట్లో పొగ ఎటు పోయేది?

ప్రశ్న: మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. మొన్న వెళ్లినప్పుడు స్ట్రాట్‌ఫర్డ్ పక్కన షాటరీలో ఉన్న ఆన్ హాథవే ఇల్లు చూపించింది, అదే షేక్‌స్పియర్ అత్తారిల్లు. కట్టింది 1460ల్లో అన్నారు. మొదట్లో మేడా లేదు, పొగగొట్టమూ లేదట. మరి పొగ ఎటు పోయేది? పైగదిలో ఒక వంకర దుంగ ఏటవాలుగా అడ్డొచ్చింది, నా తల తగలబోయింది. అదెందుకు అక్కడ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ తలకి తగలబోయిన ఆ దుంగలోనే సగం జవాబు ఉందండీ. వంపు తిరిగి పెరిగిన ఓక్ చెట్టుని వెతికి పట్టుకుని నిలువునా చీలిస్తే ఒకే వంపున్న రెండు దుంగలు వస్తాయి. వాటిని ఎదురెదురుగా నిలబెట్టి, నమస్కారం పెట్టిన చేతుల్లా పైన కలిపేవాళ్లు. కప్పు బరువంతా వాటి మీదే. మధ్యలో గోడలు ఉత్త తడికలు, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తినవే, అది మనకి కొత్తేం కాదు.

అప్పట్లో పైగది లేదు కాబట్టి ఆ దుంగ ఎవరికీ అడ్డు కాదు. నేల నుంచి కప్పు దాకా ఒకటే హాలు, నేల మీదే మంట. పొగ పైకి లేచి, వాసాల కింద గూడు కట్టి, గడ్డి సందుల్లోంచీ అద్దాల్లేని కిటికీల్లోంచీ మెల్లగా బయటపడేది. మన తాటాకు వంటపాక మీద పొద్దున్నే పొగ కమ్ముకోవడం చూసే ఉంటారుగా, అదే సంగతి. ఇంగ్లాండులో ఇలాంటి పాత ఇళ్లు చూసేవాళ్లు ముందు అటకెక్కి వాసాలకి మసి పట్టిందా అని చూస్తారు. మసి ఉందంటే ఒకప్పుడు అది పైదాకా తెరిచి ఉన్న హాలే అన్నమాట.

తర్వాత పొగగొట్టం కట్టారు. పొగ దారి పొగకి దొరికింది, పైన సగం హాలు ఖాళీగా మిగిలింది, ఇంకేం, అడ్డంగా దూలాలు వేసి పలకలు పరిచేస్తే గదులు! దుంగల్ని మాత్రం పీకలేదు, పీకితే కప్పు నెత్తిన పడుతుంది. అందుకే ఇప్పుడు మీరూ నేనూ వంగి నడవాలి.

ఇల్లు వంకరగా ఉందని అనుమానం కూడా వచ్చి ఉంటుంది. పచ్చి ఓక్‌తోనే కట్టేవాళ్లు, ఆరేకొద్దీ అది మెలితిరుగుతుంది. ఇలాంటి ఇళ్ల కర్రలకి కనిపించే నల్లరంగేమో చాలాచోట్ల 19వ శతాబ్దపు ఫ్యాషన్. రంగు వేయని ఓక్ వెండిబూడిద రంగులోకి తిరుగుతుంది, నాకైతే అదే అందం.

ఆన్ సోదరుడు బార్తొలోమ్యూ 1610లో ఈ ఇంటిని సొంతానికి కొనుక్కున్నాడు. 1892లో షేక్‌స్పియర్ ట్రస్టు చేతికొచ్చింది, 1969లో మంటలంటుకుంటే బాగుచేశారు. మళ్లీ వెళ్తే పొగగొట్టం మీద ‘ఐ.హెచ్. 1697’ అని చెక్కిన రాయి వెతకండి. అది జాన్ హాథవే పేరే. అప్పట్లో ‘జె’ బదులు ‘ఐ’ రాసేవాళ్లు.