రోడ్డు కమ్ రైలు వంతెన ఏది? (పాప ప్రాజెక్టు గురించి)

గోదావరి మీది రోడ్డు కమ్ రైలు వంతెన (ఒకే వంతెన మీద రోడ్డూ, రైలూ) గురించి మీ పాపకి టీచర్ ప్రాజెక్టు ఇచ్చారనీ, దానికి తీసిన ఫొటోలో కాంక్రీటు విల్లులున్నాయనీ అన్నారు కదండీ, అయితే అది 1997 నాటి ఆర్చి వంతెన. టీచర్ అడిగింది వేరేది. కొవ్వూరు, రాజమండ్రి మధ్య 1974లో రాకపోకలు మొదలైన ఉక్కు వంతెన అది. కింద రైలు, పైన రోడ్డు. రైలు భాగం సుమారు 2.8 కి.మీ., రోడ్డు 4.1 కి.మీ. రోడ్డు ఎత్తులో ఉంది కాబట్టి, ఒడ్డున నేలకు దిగడానికే ఆ ఎక్కువ పొడవు కావాలి. పాప ఈ ఒక్క ముక్క రాస్తే చాలు, మార్కులు పడతాయి!

అక్కడే ఉన్న పాత రైలు వంతెన, హావలాక్, 1997లోనే మూతపడింది, కాబట్టి అదీ కాదు. మన విజయవాడలో బ్యారేజీ మీద రోడ్డు, రైలుకి విడిగా వంతెనలు. అందుకే రెండూ ఒకే వంతెన మీదంటే ఈ తికమక.

ఈసారి రైల్లో కొవ్వూరు దాటాక తల పైకెత్తి చూడండి. నెత్తిన రోడ్డుంటే అదే.