బెరెట్టా 92లో ఏ రకం తీసుకోవాలి? ముందు వేళ్లకు పెట్టవలసిన పరీక్ష

మీ ప్రశ్న ఇది: ఏడాదిగా రేంజిలో క్లబ్బు పిస్తోళ్లతో సాధన చేస్తున్నారు. ఇప్పుడు లైసెన్సు మీద సొంతంగా పెద్ద పరిమాణపు బెరెట్టా 92 తీసుకోవాలని ఉంది. 92ఎఫ్‌ఎస్, 92జీ, 92ఎక్స్ మూడింటిలో ఏదో తేలడం లేదు. మీ చేతులు కొంచెం చిన్నవి. క్రమంగా పోటీల్లో కూడా పాల్గొనాలనుకుంటున్నారు.

నేను పదకొండేళ్లుగా ఈ కుటుంబపు పిస్తోళ్లతోనే సాధన చేస్తున్నాను. మొదటి ఆరేళ్లు 92ఎఫ్‌ఎస్, ఆ తర్వాత 92జీ. ఒక మిత్రుడి దగ్గరున్న 92ఎక్స్‌తో కూడా కొన్ని వందల తూటాలు పేల్చాను. మీరు చెప్పిన వివరాలను బట్టి నా సలహా 92ఎక్స్. అది కూడా వెనక ఉండే చిన్న మీటలను, అంటే లివర్లను, 92జీ పద్ధతికి మార్చుకొని వాడండి. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఆ కారణాలు మీ చేతికి వర్తించకపోతే ఈ సలహా కూడా వర్తించదు.

గురి విషయంలో ఈ మూడింటి మధ్య తేడా వెతకకండి. మూడింటికీ బ్యారెల్ పొడవు దాదాపు ఒకటే, మూడూ 9 మిల్లీమీటర్ల తూటాలవే, లోపలి యంత్రాంగం కూడా ఒకటే. చాలా పిస్తోళ్లలో తూటా పేలాక బ్యారెల్ వెనక భాగం కిందికి వాలుతుంది. బెరెట్టా 92లో బ్యారెల్ వాలదు, తిన్నగా వెనక్కి జరుగుతుంది. దాని కింద ఉన్న లాకింగ్ బ్లాక్ అనే చిన్న ఉక్కు ముక్క దిగి స్లయిడ్‌ను, అంటే పేలినప్పుడు వెనక్కి జరిగి మళ్లీ ముందుకు వచ్చే పై భాగాన్ని, విడిచిపెడుతుంది. జర్మనీ వారి వాల్థర్ పీ38 నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. స్లయిడ్ పైభాగం తెరిచి ఉండడం మాత్రం బెరెట్టా పాత పిస్తోళ్ల నుంచి వచ్చిన ఆనవాయితీ. ఆ తెరిపి వల్ల తూటా పేలాక మిగిలే ఖాళీ తొడుగు తేలిగ్గా బయటికి ఎగిరిపోతుంది. ఏ రకం కొన్నా ఈ గుణాలన్నీ వస్తాయి. "92ఎక్స్ గురి బాగా కుదురుతుంది" అని ఎవరైనా అంటే, చేతికి బాగా కుదురుతుందని అర్థం చేసుకోండి.

అసలు తేడా మొదలయ్యేది స్లయిడ్ వెనక ఉన్న లివర్ దగ్గర.

92ఎఫ్‌ఎస్‌లో ఆ లివర్ రెండు పనులు చేస్తుంది. కిందికి నొక్కితే ఎక్కి ఉన్న హ్యామరు, అంటే వెనక కనిపించే సుత్తి, తూటా పేలకుండా కిందికి దిగుతుంది. లివర్ అక్కడే కిందనే ఉండిపోయి సేఫ్టీగా పనిచేస్తుంది. అప్పుడు ట్రిగ్గరు ఎంత నొక్కినా వదులుగా ఆడుతుందే తప్ప పేలదు. మళ్లీ పేల్చాలంటే బొటనవేలితో లివర్‌ను పైకి ఎత్తాలి. 92జీలో లివర్ కిందికి నొక్కితే హ్యామరు దిగుతుంది, వేలు తీయగానే లివర్ తనంతట తానే పైకి వచ్చేస్తుంది. అంటే సేఫ్టీ లేదు, హ్యామరును దించే పని మాత్రమే ఉంది. ఆ జీ అక్షరం ఫ్రాన్సు సైనిక పోలీసు దళమైన జాందార్మరీది. వాళ్లు ఇలా కావాలని అడిగి చేయించుకున్నారు.

కాగితం మీద ఇది చిన్న తేడా. చేతిలోకి వచ్చేసరికి ఎంత పెద్దదో నాకు ఒక పోటీలో తెలిసింది. మధ్యలో ఒక తూటా పేలలేదు. నేర్చుకున్న ప్రకారం తూటాలుండే మ్యాగజైను అడుగున తట్టి, ఎడమచేతిని పైనుంచి వేసి స్లయిడ్‌ను గట్టిగా వెనక్కి లాగి వదిలాను. లక్ష్యం మీద గురి పెట్టి ట్రిగ్గరు నొక్కితే అది ఏ పట్టూ లేకుండా వెనక్కి వచ్చింది. మరోసారి నొక్కాను, అదే. స్లయిడ్ లాగేటప్పుడు నా అరచేతి మడమ తగిలి లివర్ కిందికి దిగింది. పిస్తోలు తప్పేమీ లేదు, లివర్ దిగితే పేలకూడదు కాబట్టి పేలలేదు. నా పట్టుకే ఆ లివర్‌తో పొత్తు కుదరలేదు. ఆ తర్వాత నెలల తరబడి స్లయిడ్‌ను పైనుంచి కాకుండా వెనక నుంచి రెండు వేళ్లతో గుంజడం సాధన చేశాను. ప్రశాంతంగా ఉన్నప్పుడు బాగానే వచ్చేది, గడియారం మోగితే పాత అలవాటే చేతికి వచ్చేది. చివరికి జీకి మారాను. జీలో కూడా అరచెయ్యి తగిలి లివర్ దిగవచ్చు, కానీ వెంటనే పైకి వచ్చేస్తుంది. హ్యామరు దిగి ఉంటుంది, ట్రిగ్గరు బరువుగా ఉంటుంది, అయినా పేలుతుంది.

అలా అని 92ఎఫ్‌ఎస్ పనికిరాదని నేను అనను. సేఫ్టీ ఉన్న పిస్తోలే వాడాలని మీ క్లబ్బు నియమం ఉంటే, లేదా సేఫ్టీ వేసి ఉంటే తప్ప మీ మనసు కుదుటపడదంటే, నిస్సంకోచంగా ఎఫ్‌ఎస్ తీసుకోండి. 1985లో అమెరికా సైన్యం ఎం9 పేరుతో ఎంచుకున్నది ఈ ఏర్పాటునే. 2017లో సిగ్ పీ320 ఆధారంగా చేసిన కొత్త పిస్తోలును ఎంచుకునేదాకా మూడు దశాబ్దాలకు పైగా అదే వారి ప్రధాన పిస్తోలు. లక్షల మంది ఆ లివర్‌తోనే నేర్చుకున్నారు. మొదటి రోజు నుంచే లివర్‌ను పైకి తోయడం పట్టులో భాగంగా నేర్చుకుంటే నాకు వచ్చిన ఇబ్బంది మీకు రాకపోవచ్చు. నాకు ఆ అలవాటు ఆలస్యంగా తెలిసింది.

ఇక చిన్న చేతుల సంగతి. మీ విషయంలో లివర్ కంటే ఇదే ముఖ్యం.

బెరెట్టా 92లో మొదటి తూటా డబుల్ యాక్షన్, అంటే ట్రిగ్గరు నొక్కడమే హ్యామరును ఎక్కించి వదలాలి. హ్యామరు దిగి ఉంటుంది కాబట్టి ట్రిగ్గరు చాలా ముందుకు ఉంటుంది, నొక్కడానికి సుమారు ఐదు కిలోల బలం కావాలి. అది పేలాక స్లయిడ్ హ్యామరును ఎక్కిస్తుంది. రెండో తూటా నుంచి ట్రిగ్గరు వెనక్కి వచ్చి ఉంటుంది, బలం కూడా సగం చాలు. ఐపీఎస్‌సీ అనే అంతర్జాతీయ షూటింగ్ పోటీల సంస్థ వారి ప్రొడక్షన్ విభాగంలో హ్యామరు పూర్తిగా దించే మొదలుపెట్టాలి కాబట్టి పోటీల్లో ఈ మొదటి తూటాను తప్పించుకోలేరు.

నా దగ్గర ఇప్పటికీ ఒక పాత లక్ష్యపు కాగితం ఉంది. ఆ రోజు ఐదేసి తూటాల చొప్పున పదిసార్లు పేల్చాను. నలభై రంధ్రాలు మధ్యలో పిడికిలి పట్టేంత చోటులో ఒకదాని మీద ఒకటి పడి కాగితాన్ని చింపేశాయి. మిగిలిన పది రంధ్రాలు ఎడమవైపు, నాలుగు వేళ్ల దూరంలో, వేరే ఎవరో పేల్చినట్టు ఒక గుంపుగా ఉన్నాయి. అవన్నీ మొదటి తూటాలే. కోచ్ కాగితాన్ని చూడలేదు, నా చెయ్యి చూశారు. పాత ఎఫ్‌ఎస్ పిడికి వెనకవైపు ఒక ఉబ్బు ఉంటుంది, అది అరచేతిని నింపుతుంది. పెద్ద చేతులకు అది హాయి. నాది మధ్యరకం చెయ్యి. హ్యామరు దిగి ఉన్నప్పుడు ట్రిగ్గరును నా చూపుడువేలి కొస మాత్రమే అందుకుంటోంది. కొసతో అంత బలం పెట్టేసరికి వేలు ట్రిగ్గరును వెనక్కి లాగడంతో పాటు ఎడమకు నెడుతోంది.

92ఎక్స్‌లో ఆ ఉబ్బు తీసేశారు, పిడి వెనక భాగం తిన్నగా ఉంటుంది. అంతకుముందు వెర్టెక్, ఎం9ఏ3 అనే బెరెట్టా రకాల్లో వచ్చిన పిడి రూపమే ఇది. తీసేసినది కొద్ది మిల్లీమీటర్లే, కానీ వేలి కొసకూ వేలి మెత్తకూ మధ్య దూరం కూడా అంతే కదా. మిత్రుడి 92ఎక్స్ మొదటిసారి పట్టుకున్న రోజు నా మొదటి తూటాలు మిగిలినవాటిలో కలిసిపోయాయి. నేనేమీ ఒక్కరోజులో మెరుగుపడలేదు, వేలు సరైన చోట పడింది, అంతే. చేతికి ఉబ్బే బాగుంటే 92ఎక్స్ మీద తొడిగే పాతరూపపు పిడిని కూడా వాడుకోవచ్చు. పాత ఎఫ్‌ఎస్ పిడిని సన్నని పలకలతో కొంత తగ్గించుకోవచ్చు గానీ, ఆ ఉబ్బు ఫ్రేములోనే ఉంది కాబట్టి పోదు.

కొనేముందు ఈ పరీక్ష చేయండి. దుకాణంవారి అనుమతితో మ్యాగజైను తీసి, స్లయిడ్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబరు ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోండి. సురక్షితమైన దిశలోనే ఉంచండి. హ్యామరు దించండి. పిస్తోలును బ్యారెల్, మీ ముంజేయి ఒకే వరుసలో ఉండేలా పట్టుకోండి. చాలామంది ట్రిగ్గరు అందడం కోసం తెలియకుండానే పిడిని అరచేతిలో పక్కకు తిప్పేస్తారు, అలా తిప్పకండి. ఇప్పుడు చూపుడువేలిని ట్రిగ్గరు మీద ఆనించి చూసుకోండి. మొదటి కణుపు మీది మెత్త మధ్యభాగం ట్రిగ్గరు మీద పడితే ఆ పిడి మీదే. గోరు దగ్గరి కొస పడితే దాన్ని పక్కన పెట్టండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. పది నిమిషాల్లో మూడు రకాలూ ఇలా పట్టుకొని చూడవచ్చు. నాకు పిస్తోలు అమ్మినాయన "వాడుతుంటే అలవాటవుతుంది" అన్నారు. వేలి పొడవు అలవాటుతో పెరగదు.

ట్రిగ్గరు బరువు గురించి భయపడకండి, దానికి మందు ఉంది. హ్యామరు వెనక ఉండే మెయిన్‌స్ప్రింగు స్థానంలో 92డీ రకానికి వాడే మెత్తటి స్ప్రింగు వేయిస్తే మొదటి తూటా బరువు స్పష్టంగా తగ్గుతుంది. డీ అంటే ప్రతి తూటా డబుల్ యాక్షన్‌గానే పేలే రకం, అందుకే దానికి కొంచెం తేలికైన స్ప్రింగు పెట్టారు. లైసెన్సు ఉన్న మెకానిక్ చేత వేయించి, మీరు వాడే తూటాలు తడబడకుండా పేలుతున్నాయా అని రేంజిలో చూసుకోండి. అంతకంటే తేలికైన స్ప్రింగుల జోలికి పోవద్దు.

మరో తేడా ముందు గురికాయ, అంటే గురి చూడడానికి స్లయిడ్ ముందు కొసన ఉండే చిన్న మిట్ట. 92ఎఫ్‌ఎస్‌లో అది స్లయిడ్‌తో కలిసి ఒకే ముక్కగా ఉంటుంది. మీకు నచ్చకపోతే రంగు వేసుకోగలరు గానీ ఊడదీసి వేరేది పెట్టలేరు. 92ఎక్స్‌లో గాడిలో అమర్చి ఉంటుంది, మార్చుకోవచ్చు. వయసు నలభై దాటాక నల్లటి గురికాయ మసకబారుతుంది. నాకు ఇప్పుడు ఎర్రటి చుక్క ఉన్నదే కావాలి, నా జీలో ఆ వీలు లేదు. దీపం తగిలించే రైలు 92ఎక్స్‌కు ఉంది, పాత ఎఫ్‌ఎస్‌కు లేదు. రేంజి సాధనకు దాని అవసరం లేదు. మ్యాగజైనులో 15కు బదులు 17 తూటాలు పట్టడం కూడా అంతే, పోటీ నియమాలే లెక్కను నిర్ణయిస్తాయి. రంగు గురించి నేనేమీ చెప్పను.

92ఎక్స్ పెర్ఫార్మెన్స్ గురించి ఎవరైనా చెబితే, అది ఉక్కు ఫ్రేముతో, ఫ్రేము మీది సేఫ్టీతో పోటీల కోసమే చేసిన బరువైన పిస్తోలు, 1.3 కిలోలకు పైనే ఉంటుంది. మామూలు 92 ఒక కిలోకు కొంచెం తక్కువ. మొదటి సొంత పిస్తోలుగా దాన్ని నేను సూచించను. డబుల్ యాక్షన్ బాగా వచ్చాక చూడండి.

ఒకవేళ వాడిన 92ఎఫ్‌ఎస్ మంచి స్థితిలో దొరికి, మీ వేలి పరీక్షలో నెగ్గితే, దాన్ని విప్పించి చూడండి. కుడివైపు బొత్తాన్ని నొక్కి ఎడమవైపు లివర్‌ను తిప్పితే స్లయిడ్ ముందుకు వచ్చేస్తుంది. ట్రిగ్గరు నొక్కనవసరం లేదు, నాకు ఈ పిస్తోలులో బాగా నచ్చే విషయాల్లో అది ఒకటి. లాకింగ్ బ్లాక్‌కు రెండు పక్కలా చిన్న చెవుల్లాంటి భాగాలు ఉంటాయి. వాటి మూలల్లో వెంట్రుకవాసి గీత కనిపించినా కొత్త బ్లాక్ వేయించాల్సిందే. స్లయిడ్‌ను మళ్లీ ముందుకు తెచ్చే రికాయిల్ స్ప్రింగు ఎప్పుడు మార్చారో యజమాని చెప్పలేకపోతే మార్చేయండి, దాని ఖర్చు చాలా తక్కువ. స్లయిడ్ మీద 92ఎఫ్ అని మాత్రమే ఉండి ఎఫ్‌ఎస్ అని లేకపోతే అది పాతది. 1980లలో కొన్ని పిస్తోళ్ల స్లయిడ్లు పగిలి వెనక సగం షూటర్ల మీదికి వచ్చిన తర్వాతే, హ్యామరు పిన్ను తలను పెద్దది చేసి స్లయిడ్‌ను ఆపేలా ఎఫ్‌ఎస్‌ను తెచ్చారు. మొదటి పిస్తోలుగా ఆ పాత ఎఫ్ వద్దు.

లివర్లను ఎఫ్ నుంచి జీకి మార్చే కిట్ 92ఎక్స్‌కు దొరుకుతుంది. చిన్న స్ప్రింగులు, పిన్నులు ఎగిరిపోయే పని కాబట్టి అది కూడా మెకానిక్‌కే వదిలేయండి. మార్పులకు మీ లైసెన్సు నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోండి.

పరీక్ష చేశాక మూడింటిలోనూ మీ వేలు ఎక్కడ పడిందో ఇక్కడ రాయండి. 92ఎక్స్‌లో కూడా కొస మాత్రమే అందితే పొట్టి ట్రిగ్గరు అనే విడిభాగం ఉంది, దాని సంగతి అప్పుడు చూద్దాం.