చేతిలో కోడిపిల్లతో చదివేవాళ్ళ కోసం

విశాఖపట్నం

అమ్మా,

కోడిపిల్ల కాలి దెబ్బకు ఇంటి వైద్యం అంటూ నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష మీద నీకు పట్టుంది. కానీ మొదటి పేజీన్నర కోళ్ళ పెంపకం గొప్పతనానికే అయిపోయింది. ఈ వ్యాసం వెతుక్కుని చదివేది ఎవరో ఒక్కసారి కళ్ళముందుకు తెచ్చుకో. మధురవాడలో అపార్ట్‌మెంటు బాల్కనీలో అట్టపెట్టె ముందు గొంతుక్కూర్చున్నవాళ్ళు, పెందుర్తి అవతల పెరట్లో గంప ఎత్తి చూసి కంగారుపడ్డవాళ్ళు. ఒక చేతిలో 40 గ్రాముల పిల్ల, ఇంకో చేతిలో ఫోను. నువ్వు రాసే ప్రతి వాక్యమూ వాళ్ళ చేతికి ఒక పని చెప్పాలి.

కాబట్టి ఎత్తుగడే పిల్లను పట్టుకోవడంతో మొదలుపెట్టు. నువ్వు 'గట్టిగా పట్టుకోవాలి' అని రాశావు. ఆ ఒక్క మాటే పిల్ల ప్రాణం తీయగలదు. మనకున్నట్టు పక్షికి ఊపిరాడించే పొర అడ్డంగా ఉండదు. రొమ్మెముక ముందుకూ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి పోతుంది. గుప్పిట్లో రొమ్ము బిగిస్తే కదలిక ఆగి ఊపిరాడదు. వీపు అరచేతికి ఆనాలి, వేళ్ళు రెక్కల మీదుగా వదులుగా రావాలి, రొమ్ము ఖాళీగా ఉండాలి, కాళ్ళు బయటికి వేలాడాలి. ఒకరు పట్టుకుంటే ఒకరు కట్టాలి. ఇంట్లో రెండో మనిషి లేకపోతే పాత చేతిరుమాల్లో కళ్ళు కప్పేలా వదులుగా చుట్టి, కాలు మాత్రం బయట ఉంచమని చెప్పు. చీకటి పడితే పిల్ల గింజుకోవడం మానేస్తుంది.

రెండో సంగతి పేర్లు. 'మోకాలి కింద కట్టాలి' అని రాశావు. కోడి కాలికి వెనక్కి వంగే కీలు ఉంటుంది కదా, అందరూ దాన్నే మోకాలంటారు. నిజానికి అది మడమ కీలు. అసలు మోకాలు ఈకల్లో, పొట్టకు ఆనుకుని దాక్కుని ఉంటుంది. శాస్త్రం తెలిసినవాళ్ళు ఒకచోట కడతారు, తెలియనివాళ్ళు ఇంకోచోట కడతారు. అందుకని వేలికి తగిలేదాన్ని బట్టి చెప్పు: 'పొలుసులున్న సన్నకాలు', 'దాని పైన వెనక్కి వంగే కీలు', 'ఆ పైన లెగ్‌పీస్ భాగం'. ఈ మూడు మాటలతో వ్యాసమంతా నడిపించవచ్చు. లెగ్‌పీస్ అంటే అర్థంకాని ఇల్లు మన జిల్లాలో ఉండదు.

ఇక చూడటం. 'పిల్ల కుంటుతుంటే' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కుంటడం ఒకటే, కారణాలు మాత్రం చాలా, ఒక్కోదానికి కట్టు వేరు. ముట్టుకోకముందు పిల్లను గోనెసంచి మీద వదిలి ఐదు నిమిషాలు చూడమని రాయి. రెండు కాళ్ళూ చెరో పక్కకు జారిపోతున్నాయా? వేళ్ళు గుప్పిట ముడిచినట్టు లోపలికి మడిచి ఉన్నాయా? కీలు లేనిచోట కాలు వంగి వేలాడుతోందా? వెనక్కి వంగే కీలు వాచి, పాదం పక్కకు తిరిగిపోయిందా? చూసింది ఏదో తేలాకే కట్టు.

కాళ్ళు జారిపోవడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, ఇంట్లో బాగా కుదిరేది కూడా. నీ వ్యాసంలో సగం చోటు దీనికివ్వు. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. వారం దాటితే కష్టం. కారణం చాలాసార్లు కాలి కింద నేలే. టైల్స్ మీద న్యూస్‌పేపర్ పరిస్తే పిల్లకు పట్టు దొరకదు. పొదిగేటప్పుడు వేడి, తేమ తేడా వచ్చినా ఇలాంటి పిల్లలు పుడతాయి. కట్టు ఇలా చెప్పు: బ్యాండ్‌ఎయిడ్ ఒకటి తీసుకుని నిలువుగా రెండు పాయలు చేయాలి. ఒక పాయ చాలు. మధ్యలో ఉన్న దూది మెత్త రెండు కాళ్ళ నడుమకు రావాలి. ఒక కొసను ఒక పొలుసుకాలి చుట్టూ తిప్పి దాని మీదే అంటించాలి, రెండో కొసను రెండో కాలికి. పాదానికి పైన, కీలుకు కింద. నడుమ ఎడం ఒక్కరోజు వయసు పిల్లకు రెండున్నర సెంటీమీటర్లు, అంటే అంగుళం. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కాళ్ళు బాగా దగ్గరకు రావాలని ఒక సెంటీమీటరుకు బిగిస్తారు. పిల్ల నిలబడలేక ముక్కుమీద పడుతుంది, కట్టు పనిచేయలేదనుకుని తీసేస్తారు. కాళ్ళు తుంటి కింద నిటారుగా దిగాలి, అదే కొలత. మొదటి గంట పిల్ల తూలుతుంది, పడుతుంది, లేస్తుంది. తూలుతుందనీ, కంగారుపడి కట్టు విప్పవద్దనీ ముందే రాయి. రోజుకొకసారి కట్టు మార్చాలి, పిల్ల పెరుగుతుంది కాబట్టి. మూడో రోజు విప్పి నడిపించి చూసి, ఇంకా జారితే మళ్ళీ కట్టాలి.

కట్టు కట్టి మళ్ళీ అదే నున్నటి పేపరు మీద వదిలితే ఫలితం సున్నా. మన ఇళ్ళలో అందరి దగ్గరా ఉండేది అట్టపెట్టె. దాని పై పొర కాస్త తడిపి ఒలిచేస్తే లోపలి మెలికల అట్ట బయటపడుతుంది. ఆ గాళ్ళలో పిల్ల గోళ్ళు పట్టుకుంటాయి. గోనె వేస్తే పోగులు లేవకుండా చూసుకోవాలి.

పోగు అంటే గుర్తొచ్చింది, నువ్వు దీన్ని పూర్తిగా వదిలేశావు. జాలారిపేట లాంటి సముద్రపు ఒడ్డు పేటల్లో తిరిగే పిల్లల కాలికి వల నైలాను దారం చుట్టుకుంటుంది. తల వెంట్రుక కూడా అంతే పని చేస్తుంది. పొలుసుల మధ్య దారం కనిపించదు, దాని కింద పాదం మాత్రం ఉబ్బి నల్లబడుతుంది. కాలు వాచిందనగానే పసుపు పట్టించమని నువ్వు రాశావు, పసుపు కింద దారం దాక్కుంటుంది. ముందు గోరువెచ్చని నీళ్ళలో కాలు రెండు నిమిషాలు నానబెట్టి, వెలుతురులో పొలుసు పొలుసూ చూడమను. దారం దొరికితే సన్న కత్తెర మొనతో తెంపాలి, లాగకూడదు.

పొలుసుకాలు విరిగితే, చర్మం చిట్లకపోతే, కొబ్బరిబోండం స్ట్రా చాలు. నిలువునా చీల్చి, కీలు కింద నుంచి పాదం పై దాకా వచ్చేలా కత్తిరించి, కొసలు గుండ్రంగా చేయాలి. కాలికి పలచగా దూది చుట్టి, స్ట్రాను దోసిలిలా తొడిగి, అర అంగుళం పేపర్ టేపు రెండుచోట్ల వేయాలి. రెండు వారాలు ఉంచాలి, రెండు మూడు రోజులకోసారి మార్చాలి. కట్టిన అరగంటకు, ఆ తర్వాత పూటపూటకూ, వేళ్ళు చూడమని తప్పక రాయి. రెండో కాలితో పోల్చితే చల్లగా, ఉబ్బుగా, నీలంగా ఉంటే బిగువెక్కువైనట్టే, వెంటనే విప్పాలి. మన ఊరి ఉప్పుగాలి తేమకు టేపు జిగురు త్వరగా వదులుతుంది. వదులైందని ఇంకో చుట్టు మీద చుట్టేస్తారు. అలా చేయొద్దు, పాతది తీసి కొత్తది వేయాలి.

లెగ్‌పీస్ భాగమో, ఆ పైనో విరిగితే స్ట్రాతో పని జరగదు. విరిగిన చోటికి పైనా కిందా ఉన్న రెండు కీళ్ళూ కదలకుండా ఉండాలి, అది ఇంట్లో కుదరదు. చెప్పుల డబ్బాలో తువ్వాలు చుట్టగా పెట్టి, మధ్య గుంటలో పిల్లను కదలకుండా కూర్చోబెట్టి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. ఎముక బయటికి కనిపించినా అంతే. అరలీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి, గుడ్డ తడిపి పుండు మీద కప్పి, వెళ్ళాలి. కీలు వాచి పాదం పక్కకు తిరిగిందంటే వెనక స్నాయువు (కండను ఎముకకు కట్టి ఉంచే తాడు) గాడి తప్పి ఉండవచ్చు. మేతలో మాంగనీసు, కోలీను తక్కువైతే, పిల్ల తొందరగా బరువెక్కితే ఇలా అవుతుంది. ఆ స్నాయువును వెనక్కి తోయడం మొదటి గంటల్లో, తెలిసినవాళ్ళ చేతిలోనే సాధ్యం. ఎలా తోయాలో నువ్వు రాయకు. పశువైద్య సంచార వాహనానికి 1962 నంబరు రాయి.

వేళ్ళు ముడుచుకోవడం చాలాసార్లు దెబ్బ కాదు, మేత లోపం. ఒట్టి నూకలు, చోళ్ళ (రాగుల) మీద పెరిగే పిల్లకు బి2 విటమిను అందదు. కిలో మేతలో దాదాపు 3.6 మిల్లీగ్రాములు ఉండాలి, చిన్న పిల్లల కోసం అమ్మే స్టార్టర్ మేతలో అది కలిపే ఉంటుంది. వెంటనే అందిస్తే కోలుకుంటుంది. ఆలస్యమైతే నరం దెబ్బతిని అలాగే ఉండిపోతుంది. కోళ్ళకిచ్చే బి-కాంప్లెక్స్ మందు సీసా మీదున్న కొలత ప్రకారం నీళ్ళలో కలపాలి. ఆ నీళ్ళు ఎండలో పెడితే బి2 వెలుతురుకు చెడిపోతుంది, నీడలో పెట్టి పూటపూటకూ మార్చాలి. ఉడికిన గుడ్డు సొన చిదిపి పెట్టినా మంచిదే. వేళ్ళు చాపడానికి శుభలేఖ అట్ట సరిగ్గా సరిపోతుంది. పాదమంత ముక్క కోసి, వేళ్ళు విడివిడిగా పరిచి, పైన టేపు వేస్తే రెండు రోజుల చెప్పు తయారు.

నీ 'మందులు' భాగం మొత్తం తీసేయి. నొప్పి బామ్ పిల్ల ముక్కుతో పొడుచుకుంటుంది, నోట్లోకి పోతుంది. మత్తు మందు కలిసిన స్ప్రేలు పక్షులకు ప్రమాదం. మాత్రలో 'చిటికెడు' అన్నావు. 60 కిలోల మనిషిలో 40 గ్రాముల పిల్ల 1,500వ వంతు. మాత్రను 1,500 భాగాలు చేసే చెయ్యి ఎవరికీ ఉండదు. చర్మం గీసుకుంటే పావిడోన్ అయోడిన్‌ను టీ డికాషన్ రంగు వచ్చేదాకా నీళ్ళతో పలచన చేసి తుడిస్తే చాలు.

దాని బదులు ఆ చోట నీళ్ళు, వెచ్చదనం గురించి రాయి. కాలు విరిగి చచ్చే పిల్లల కన్నా, నీళ్ళ గిన్నె దాకా పోలేక చచ్చేవి తక్కువేం కాదు. గిన్నె నోటికి అందేచోట పెట్టి, అందులో గులకరాళ్ళు వేయాలి, మునగకుండా. గంటకోసారి ముక్కు కొస ముంచాలి. నీళ్ళను గొంతులో పోయకూడదు, గాలి గొట్టంలోకి పోతాయి. మొదటి వారం పిల్ల ఉన్నచోట 32 నుంచి 35 డిగ్రీలు కావాలి. మే నెల మధ్యాహ్నం మన డాబా ఇళ్ళలో బల్బు లేకుండానే అంత వేడి ఉంటుంది, అప్పుడు బల్బు ఆర్పాలి. పిల్ల నోరు తెరిచి రెక్కలు వేలాడేస్తే ఎక్కువైందని గుర్తు. రక్తం కనిపిస్తే మిగతావి పొడుస్తాయి, వేరు చేయాలి. కానీ ఒంటరిగా పెడితే అరిచి అరిచి మేత మానేస్తుంది, వల అడ్డంపెట్టి పక్కనే ఒక నెమ్మదైన పిల్లను ఉంచమను.

ఇంకొక్కటి, వ్యాసం పైభాగంలోనే ఉండాలి. నెలా రెండు నెలల పిల్ల దెబ్బ తగలకుండానే ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ చాపి పడుకుంటే అది మారెక్స్ జబ్బు కావచ్చు. మెడ మెలితిరిగి, ఆకుపచ్చగా రెట్ట వేస్తుంటే రాణిఖేత్ (కొక్కెర తెగులు) అనుమానించాలి. వీటికి కట్టూ లేదు, ఇంటి వైద్యమూ లేదు. ఆ పిల్లను వేరు చేసి, చేతులు కడుక్కుని, డాక్టరును పిలవాలి. టీకాలు వేయించని వీధి అమ్మకపు రంగు పిల్లలను తెచ్చినవాళ్ళకు ఈ ముక్క ముందే కనిపించాలి.

నువ్వు పెట్టిన బొమ్మలో కట్టు పాదం మీదకు జారి ఉంది, వేళ్ళు ముడుచుకుపోయాయి. చూసినవాళ్ళు అలాగే కడతారు. కొత్తది తీయించు. వెనక్కి వంగే కీలు, కట్టు, ముందుకు పరుచుకున్న మూడు వేళ్ళు, మూడూ ఒకే బొమ్మలో కనిపించాలి, పక్కన కొలతకు ఒక రూపాయి బిళ్ళ పెట్టు. తిరగరాశాక ఒకరికి గట్టిగా చదివి వినిపించు. వాళ్ళ చేతిలో పిల్లకు బదులు ఒక నిమ్మకాయా, కాళ్ళకు బదులు రెండు అగ్గిపుల్లలూ, ఒక బ్యాండ్‌ఎయిడూ పెట్టు. నీ మాటలు వింటూ వాళ్ళు ఎక్కడ ఆగి 'ఇప్పుడేం చేయాలి' అంటారో, అక్కడ గుర్తు పెట్టుకుని ఆ ప్రతి నాకు పంపు.

ఆశీస్సులతో.