ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో మనాలి: టైర్ల కంటే ముందు కూలెంట్

బెజవాడ నుంచి స్కోడా కారు ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో జనవరిలో మనాలి వెళ్తున్నా, టైర్లు మార్చాలా అని అడిగారు కదా బ్రదర్. చలికాలపు టైర్లకు మార్చండి. వేసవి స్పోర్ట్స్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల లోపు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. మంచు గొలుసులు ముందు చక్రాలకే వేయాలి, మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది.

నాకు అసలు టెన్షన్ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) గురించే. మన ఎండల్లో తగ్గినప్పుడల్లా ఉత్త నీళ్లు పోయించేస్తుంటాం. అక్కడ రాత్రి ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. బయల్దేరే ముందే ఆటోనగర్‌లో పాతదంతా తీయించి, కూలెంట్ కాన్సెంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్), డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. సుమారు మైనస్ 35 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా తట్టుకుంటుంది. ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ డబ్బా అయితే మాత్రం చుక్క నీళ్లు కలపనివ్వకండి, దగ్గరుండి చూసుకోండి.

రాత్రి హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, గడ్డకట్టి పట్టేస్తుంది. చదునైన చోట ఆపి, గేర్ పార్క్ (P)లో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి.