సూపర్ కండక్టర్లలో వేడి మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి కావొస్తోంది. సూపర్ కండక్టర్‌నీ (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు మోసే పదార్థం) మామూలు లోహాన్నీ జోడించిన నిర్మాణాల్లో వేడి ఎలా ప్రవహిస్తుందన్న అంశం మీద పీహెచ్‌డీ సీటు వచ్చింది. నాకు టాపిక్ నచ్చింది. మరీ ఇరుకైన సబ్జెక్టు, తర్వాత ఉద్యోగాలుండవని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. చేరమంటారా?

జవాబు: చేరండి. కాకపోతే ముందు ల్యాబ్ చూసి రండి.

ఇరుకు అన్నది పేరులోనే ఉంది. సూపర్ కండక్టింగ్ క్వాంటమ్ చిప్‌లు 0.01 కెల్విన్ (దాదాపు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) దరిదాపుల్లో పనిచేస్తాయి. అంత చలిలో చిప్‌లో కొద్దిపాటి వేడి పుట్టినా దాన్ని బయటికి పంపడం పెద్ద తలనొప్పే. సూపర్ కండక్టర్‌లో కూపర్ జంటలు, అంటే రెండేసిగా జతకట్టిన ఎలక్ట్రాన్లు, కరెంటును నిరోధం లేకుండా మోస్తాయి గానీ వేడిని మోయవు. ఆ పని చేసే విడి ఎలక్ట్రాన్లేమో చలి పెరిగేకొద్దీ దాదాపు కనిపించకుండా పోతాయి. అయితే లోహానికీ సూపర్ కండక్టర్‌కీ మధ్య పలచని ఇన్సులేటర్ పొర పెట్టి, సరైన వోల్టేజీ ఇస్తే, లోహంలోని వేడి ఎలక్ట్రాన్లు మాత్రమే అవతలికి దాటుతాయి. మిగిలినవి చల్లబడతాయి. అంటే చిప్ మీదే ఒక ఫ్రిజ్! దీన్ని 1994లో ప్రయోగం చేసి చూపించినవాళ్లలో జాన్ మార్టినిస్ ఒకరు. సూపర్ కండక్టింగ్ సర్క్యూట్ల మీద అంతకుముందు చేసిన పనికి 2025లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్నదీ ఆయనే. ఈ మాట ఇంట్లో చెప్పండి, కొంత టెన్షన్ తగ్గుతుంది.

ల్యాబ్‌కు వెళ్లినప్పుడు సీనియర్లను ఒకటే అడగండి: "ఎలక్ట్రాన్ల టెంపరేచర్ ఎలా కొలుస్తారు?" చిప్‌ను పెట్టే ల్యాబ్ ఫ్రిజ్ థర్మామీటర్ 20 మిల్లీకెల్విన్ (0.02 కెల్విన్) చూపిస్తున్నా, చిప్‌లోని ఎలక్ట్రాన్లు 100 మిల్లీకెల్విన్ దగ్గర ఉండొచ్చు. అంత చలిలో ఎలక్ట్రాన్లు తమ వేడిని లోహపు జాలకానికి (పరమాణువుల అమరికకు) సరిగా అప్పగించలేవు. పైగా బయటి నుంచి వచ్చే వైర్ల వెంట నాయిస్ (అక్కర్లేని విద్యుత్ సంకేతాలు) దిగుతుంది. ఫిల్టర్లు విప్పి చూపించి, టన్నెల్ జంక్షన్‌నే (పైన చెప్పిన పలచని ఇన్సులేటర్ పొర ఉన్న అతుకునే) థర్మామీటర్‌గా ఎలా వాడతారో వివరించారంటే మంచి చోటే దొరికిందనుకోండి. "ఫ్రిజ్‌కు థర్మామీటర్ ఉందిగా" అని తేల్చేస్తే మరో గ్రూప్ చూసుకోండి.

రేపు ఉద్యోగానికి పనికొచ్చేది ఆ వైరింగ్, ఫిల్టర్ల పనే. దానితో పాటు క్లీన్‌రూమ్‌లో పలచని పొరలు వేయడం కూడా. క్వాంటమ్ హార్డ్‌వేర్ కంపెనీలు, క్రయోస్టాట్ (అతిశీతల ఫ్రిజ్) తయారీదారులు, టెలిస్కోపులకు డిటెక్టర్లు చేసే బృందాలు ఈ పని చేతికి వచ్చినవాళ్ల కోసమే చూస్తాయి. థీరీ వైపు వెళ్తే ఇదే రంగంలో నేరుగా దొరికే ఉద్యోగాలు తక్కువ. అప్పుడు న్యూమరికల్ కోడింగ్ గట్టిగా నేర్చుకోవాలి.

ఓపిక మాటేమిటో మీరే తేల్చుకోవాలి. ఒక్క వైరు తెగితే ఫ్రిజ్‌ను వేడెక్కించి, సరిచేసి, మళ్లీ చల్లబరచడానికి రోజులు పడుతుంది. అది చిరాకనిపిస్తే థీరీ గైడ్‌తో మాట్లాడండి, సబ్జెక్టు మార్చుకోనక్కర్లేదు.